లాంతరు వెలుగులో నైహాంచి

జపాన్ దీవి ఒకినావాలో అక్టోబరు 25 కరాటే దినం. 1936లో అదే తేదీన నాహా నగరంలో ఒక పత్రిక పిలుపుమీద పెద్ద గురువులు కొందరు కూడి, ఈ విద్య పేరు ఎలా రాయాలో తేల్చుకున్నారు. 2005లో అక్కడి శాసనసభ ఆ తేదీకి అధికార ముద్ర వేసింది.

అంతకు ముందటి శతాబ్దాలది పొగమంచు చరిత్ర. ఒకినావా అప్పట్లో చైనాతో వర్తకం చేసుకునే ర్యూక్యూ రాజ్యం, 1609లో సత్సుమా సామురాయ్‌ల దండయాత్ర, 1879లో రాజ్యమే రద్దు. ఆయుధాలు లాక్కుంటే రైతులు ఉత్తచేతులతో తిరగబడ్డారన్న కథ వినసొంపుగా ఉంటుంది గానీ, మనకు పేర్లు తెలిసిన రాజధాని షురి గురువుల్లో చాలామంది కొలువు మనుషులే. మత్సుమురా సోకోన్ సాక్షాత్తూ రాజుగారి అంగరక్షకుడు.

నా మనసు మాత్రం ఒక పెరట్లో ఆగిపోతుంది. 1868లో పుట్టి, తరవాత కరాటే గురువైన ఫునాకోషి గిచిన్ చిన్నప్పుడు రోగిష్టి పిల్లాడు. తన తోటి విద్యార్థి తండ్రి అజాతో అంకో దగ్గర శిష్యుడిగా చేరాడు. కరాటే బాహాటంగా నేర్పే రోజులు కావు కనుక చీకటి పడ్డాకే పాఠం. గురువు అరుగుమీద నిటారుగా కూర్చునేవాడు, పక్కన గుడ్డి లాంతరు. పెరట్లో కుర్రాడు కతా, అంటే కదలికల వరస ఒకటి, చెయ్యాలి; నైహాంచి అనుకుందాం. ఆ కతాలో ముందుకూ వెనక్కూ నడక లేదు. గుర్రమెక్కినట్టు మోకాళ్లు వంచి, ఒక పాదం మీదుగా రెండోది దాటిస్తూ పక్కకే జరగాలి. కుడికి, మళ్లీ ఎడమకు. నిమిషంలో అయిపోతుంది. వెంటనే అరుగుమీంచి ఒకే ఆజ్ఞ: మళ్లీ! తొడలు మండుతున్నా మళ్లీ. మెచ్చుకోలు ఎప్పుడో ఒకసారి, అదీ ఒక్క మాట. గురువుకు తృప్తి కలిగేదాకా కొత్త కతా లేదు. నైహాంచిలో ఉన్నవి మూడే కతాలు; వాటితోనే పదేళ్లు గడిచాయని ఫునాకోషి తరవాత రాసుకున్నాడు. వేళగాని వేళ ఇంటికి చేరే ఈ కుర్రాడు సానికొంపల వెంట తిరుగుతున్నాడేమోనని ఇరుగుపొరుగు అనుమానం!

తరవాత ఆయన ఇరవై సూత్రాలు కూడా రాశాడు. ముందుగా చెయ్యెత్తేది కరాటే కాదన్నది వాటిలో ముఖ్యం. నాకైతే ఆ సూత్రం పెరట్లోనే పుట్టిందనిపిస్తుంది. ఒకే కతా ఏళ్ల తరబడి చేసినవాడికి, ఎవడినో కొట్టి చూపించాలన్న దురద చాలావరకు చెమటలోనే పోతుంది. నాహా వైపు గురువులు ఇదే పని సాంచిన్ కతాతో, ఊపిరి అదుపుచేస్తూ, కండరాలు బిగించి చేయించారు.

గుట్టు విప్పినవాడు ఫునాకోషి మరో గురువు ఇతోసు అంకో. బడిపిల్లల కోసం పినాన్ కతాలు ఐదు కూర్చాడు. 1908లో పది అంశాల లేఖ రాశాడు. వాటర్లూ విజేత వెల్లింగ్టన్‌ను ఉదహరిస్తూ, ఈ విద్య సైన్యానికీ పనికొస్తుందన్నాడు. ఆత్మరక్షణ విద్యకు బడి తలుపు తెరిపించినవాటిలో సిపాయిల అవసరమూ ఒకటి.

ఆ తరవాత కథ ఒక దారిన నడవదు. 1922లో ఫునాకోషి టోక్యో చేరాడు. జూడో నుంచి బెల్టులొచ్చాయి. 1945 యుద్ధంలో షురి కోట నేలమట్టమైంది. దీవిలో మకాం వేసిన అమెరికన్ సిపాయిలే కరాటేను తమ ఊళ్లకు మోసుకెళ్లారు. 2021లో టోక్యో ఒలింపిక్స్ కతా పోటీలో ఒకినావా బిడ్డ కియునా ర్యో స్వర్ణం గెలిచాడు. 2024 పారిస్ నాటికి ఆ పోటీయే లేదు.

మన వీధి చివర, ఫునాకోషి శైలి అయిన షోటోకాన్ క్లాసులో పిల్లలు మొదట నేర్చే హెయాన్ షోదాన్, నిజానికి ఇతోసు రెండో పినాన్. మొదటిది కష్టమని ఫునాకోషి వరస మార్చాడు. ఇక బెల్టు పరీక్షలంటారా, కొన్నిచోట్ల మూడు నెలలకొకటి. ఫునాకోషి లెక్కన మూడు కతాలకు పదేళ్లంటే ఏ తండ్రీ ఫీజు కట్టడు.