విద్యుత్ రంగమా, క్షేత్రమా?
ఈమధ్య చదివిన ఒక తెలుగు వ్యాసంలో, డీఎన్‌ఏ పోగును నానోరంధ్రంలోకి లాగేది ‘బాహ్య విద్యుత్ రంగం’ అని ఉంది. విద్యుత్ రంగమంటే మనకు డిస్కంలు, సబ్‌స్టేషన్లు, కరెంటు ఛార్జీలు. అక్కడ ఉండాల్సింది క్షేత్రం. ‘క్షి’ ధాతువుకు నివసించడమని అర్థం. క్షితి కూడా దాన్నుంచే పుట్టింది. మొదట క్షేత్రమంటే ఉండే చోటు, దున్నే నేల: మన చేను, పొలం. భగవద్గీత 13వ అధ్యాయం శరీరాన్నే క్షేత్రమంది. సంస్కృత గణితంలో హద్దులున్న ఆకారమైంది. పుణ్యస్థలమై, మువ్వగోపాల పదాల కవికి క్షేత్రయ్య అన్న పేరూ తెచ్చింది. 1845లో ఫారడే అయస్కాంత ప్రభావమున్న చోటుకు ఇంగ్లీషులో పొలాన్ని చెప్పే మాటే వాడాడు. మన పాఠ్యపుస్తకాలు దానికి క్షేత్రాన్ని ఎంచుకున్నాయి. ఈ ఎంపిక నాకెంతో ఇష్టం. క్షేత్రం ఆ చోటుకున్న గుణం. ఆవేశమున్న కణం ఏది విద్యుత్ క్షేత్రంలోకి వచ్చినా దానిమీద బలం పనిచేస్తుంది. నానోరంధ్రంలోనూ అదే జరుగుతుంది. ఆల్ఫా హీమోలైసిన్ అనే ప్రోటీన్ రంధ్రం మరీ ఇరుకైన చోట సుమారు 1.4 నానోమీటర్లే. ఆ రంధ్రమున్న పొరకు ఇరువైపులా 120 మిల్లీవోల్టుల తేడా పెడితే, రుణావేశమున్న డీఎన్‌ఏ ఒంటిపోగు ధనధ్రువం వైపు అందులోంచి దూరిపోతుంది. 1996లో శాస్త్రవేత్త కాసియానోవిచ్ బృందం దీన్ని చూపింది. వోల్టేజీని తిరగేస్తే లాగుడు దిశా మారుతుంది. రంగం దారి వేరు: నాట్యవేదిక, యుద్ధభూమి, ఇప్పుడు వ్యాపార రంగం, సినిమా రంగం, సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి బోనాల్లోనైతే భవిష్యవాణి.