రెండు డాక్‌లు, ఒక మల్టీమీటర్

కుర్చీ స్పీకర్లకు ఎనిమిదడుగుల దూరంలో ఉంది, కూర్చోండి. సికింద్రాబాద్ మారేడుపల్లిలో రెండో అంతస్తు ఫ్లాటు, రాత్రి తొమ్మిది దాటింది. మా మావయ్య సీలింగు ఫ్యాను కట్టేశాడు. రెక్కలు ఆగిపోయాక గానీ ఇంతసేపూ అది ఎంత చప్పుడు చేసిందో తెలిసిరాదు. ఏప్రిల్ ఉక్కలో ఫ్యాను లేకుండా కూర్చోవడం కష్టమే. అయినా డాక్ కొనేముందు ఒక గంట ఈ కష్టం పడాలి.

బల్ల మీద ల్యాప్‌టాప్, యాంప్లిఫైయర్, అరచేతిలో ఇమిడే రెండు నల్ల డబ్బాలు. ఇవే డాక్‌లు, అంటే డిజిటల్-టు-అనలాగ్ కన్వర్టర్లు. ఒకటి పదివేల లోపుది, రెండోది దానికి నాలుగింతలు. రెండింటి పనీ ఒకటే: ఫైల్లోని అంకెలను యాంప్లిఫైయర్‌కు అందే విద్యుత్ తరంగంగా మార్చడం. సీడీ నాణ్యత ఫైలైతే ఒక్కో చానెల్‌కు సెకనుకు 44,100 అంకెలు, ఒక్కోటి 16 బిట్లు. 1982లో సీడీ మార్కెట్‌లోకి వచ్చినప్పటి లెక్క ఇది, ఇప్పటికీ మారలేదు.

ముందు ఈ డబ్బాలేవీ లేకుండా వినండి. ల్యాప్‌టాప్‌లోనూ ఒక డాక్ ఉంటుంది కదా. హెడ్‌ఫోన్ జాక్ నుంచి యాంప్లిఫైయర్‌కు వైరు పెట్టి, మావయ్య ఘంటసాల భగవద్గీత వేశాడు. శ్లోకం ముగిసింది, తాత్పర్యం ఇంకా మొదలవలేదు. ఆ కాస్త ఖాళీలో చెవి పెట్టండి. టేపు తాలూకు మెత్తని ‘స్స్’ ఒకటి ఉంది. దాని వెనకాల సన్నగా జిర్రుమంటూ ఇంకొకటి. మౌస్ కదపండి. ఆ జిర్రు మౌస్‌తో పాటే కదులుతుంది! ల్యాప్‌టాప్ లోపలి సర్క్యూట్ల రొద అది, పాటలోకి దూరిపోయింది.

ఇప్పుడు పదివేల లోపు డబ్బాను యూఎస్‌బీకి పెట్టి, దాని వెనకున్న రెండు ఆర్‌సీఏ సాకెట్ల నుంచి యాంప్లిఫైయర్‌కు వైర్లు. మళ్లీ అదే చోటు. జిర్రు లేదు. మౌస్ ఎంత తిప్పినా లేదు. ‘స్స్’ మాత్రం అలాగే ఉంది, ఎందుకంటే అది 1970ల టేపుది. నాయిస్ రిడక్షన్ లేని టేపులో పాటకూ రొదకూ మధ్య తేడా 70 డెసిబెళ్లు దాటడం కష్టం. ఈ చిన్న డబ్బా వంద డెసిబెళ్లు అనాయాసంగా దాటుతుంది. మన పాత పాటలకు ఇంతకంటే నిశ్శబ్దమైన డాక్ అక్కర్లేదని నేను గట్టిగా నమ్ముతాను. ఆ ‘స్స్’ పోగొడతానని ఎవరైనా ఖరీదైన డాక్ అంటగట్టబోతే వినకండి.

బ్యాటరీ అయిపోవస్తోందని మావయ్య ఛార్జర్ గుచ్చాడు. వెంటనే స్పీకర్లలో బుయ్యిమని హమ్. ఛార్జర్ పీకగానే పోయింది. ఇది గ్రౌండ్ లూప్. ఛార్జర్ ఎర్తూ యాంప్లిఫైయర్ ఎర్తూ వేర్వేరు దారుల్లో కలిస్తే వస్తుంది. రెండింటినీ ఒకే పవర్ స్ట్రిప్‌లో పెట్టగానే చాలావరకు తగ్గింది. టీవీ నుంచి వినేవాళ్లకైతే టాస్‌లింక్ ఉన్న డాక్ మేలు. 1983లో తోషిబా తెచ్చిన ఈ తీగలో నడిచేది వెలుతురే కాబట్టి దాని మీదుగా లూప్ ఏర్పడదు. హమ్ పోతుందని ఛార్జర్ ఎర్త్ పిన్ను మాత్రం విరగ్గొట్టకండి. అది ప్రాణాలతో చెలగాటం.

ఇక అసలు పోటీ. చిట్టిబాబు వీణ. చవక డబ్బాలో ఒక నిమిషం, ఖరీదు డబ్బాలో ఒక నిమిషం. ఖరీదుదాంట్లో మీటు స్పష్టంగా ఉంది, తీగ మోత ఎక్కువసేపు నిలిచింది, మృదంగం దగ్గరికొచ్చింది. తేడా ఉందని మీరు అప్పుడే తల ఊపేశారు.

“ఆగు, ఇంకా అయిపోలేదు” అంటూ మావయ్య మల్టీమీటర్ తీశాడు. 100 హెర్ట్జ్ స్వరం మోగిస్తూ, దాని రెండు కొనలు స్పీకరు టెర్మినళ్లకు ఆనించాడు. ఏసీ వోల్టులు చూడండి. చవక డబ్బాకు 2.00. ఖరీదు డబ్బాకు 2.31. అంటే ఒకటింపావు డెసిబెల్ ఎక్కువ. అంత చిన్న తేడాను చెవి ‘గట్టిగా ఉంది’ అనుకోదు, ‘బాగుంది’ అనుకుంటుంది. దుకాణాల్లో ఎంతో మంది మోసపోయేది ఇక్కడే.

ఖరీదు డబ్బా నాబ్ వెంట్రుకవాసి వెనక్కి తిప్పాడు. 2.14, 2.06, 2.00. రెండు డబ్బాల మీదా తువ్వాలు కప్పాడు, ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకున్నాడు.

“ఇప్పుడు మోగుతున్నదేది?”

ఖరీదుదన్నారు. కాదు. మళ్లీ వీణ. ఈసారి సందేహిస్తూ చవకదన్నారు, సరిపోయింది. ఆ తర్వాత వరసగా రెండు తప్పు. మీటు స్పష్టత, తీగ మోత, మృదంగం దగ్గరితనం అన్నీ రెండింట్లోనూ ఒకేలా ఉన్నాయి.

డాక్ లోపలి చిప్పు పేరు మాటేమిటంటారా? 2020 అక్టోబరులో జపాన్‌లోని నోబెయోకాలో డాక్ చిప్పులు చేసే ఏకేఎం కంపెనీ ఫ్యాక్టరీ తగలబడింది. అవి దొరక్క పలు కంపెనీలు డిజైన్లు మార్చి ఈఎస్ఎస్ చిప్పులకు వెళ్లాయి. చిప్పు మారినా, దాని చుట్టూ ఉండే పవర్ సప్లై, క్లాక్, అవుట్‌పుట్ సర్క్యూట్ సరిగా కుదిరితే ఏ చిప్పయినా బాగానే పలుకుతుంది. డబ్బా మీద అచ్చేసిన చిప్పు పేరుకు డబ్బులు పోయకండి.

ఒక పని మిగిలింది. డబ్బా ముందున్న చిన్న తెరలో 48 అని ఉంది చూశారా? పాట మాత్రం 44.1 కిలోహెర్ట్జ్‌ది. విండోస్ మధ్యలో దూరి మార్చేస్తోంది. ప్లేయర్ సెట్టింగుల్లో ‘వాసపి ఎక్స్‌క్లూజివ్’ ఎంచుకోండి. తెర మీద 44.1 వచ్చింది. వినడానికి పెద్ద తేడా ఉండదు గానీ, పైసా ఖర్చు లేని పనిని వదిలెయ్యడమెందుకు?

మీకు నా సలహా పదివేల లోపు డబ్బానే. మీ టీవీకి, ల్యాప్‌టాప్‌కు సరిపడే సాకెట్లు దానికి ఉన్నాయో లేదో చూసుకోండి. హెడ్‌ఫోన్లు కూడా వాడేటట్లయితే వాటిని నడిపే సత్తా ఉందేమో కనుక్కోండి. మిగిలే డబ్బు స్పీకర్లకు పెట్టండి, అక్కడ తేడా తువ్వాలు కప్పినా తెలుస్తుంది. వాపసు తీసుకునే చోటే కొని, గడువు దాటకముందే మీ ఇంట్లో, మీ యాంప్లిఫైయర్ మీద, వాల్యూమ్ సరిచూసుకుని వినండి.