క్వాలిటీ సర్కిల్ నుంచి సాఫ్ట్‌వేర్ వరకు

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని మన కార్యదర్శిగారు అడిగారు. పింఛను బకాయిల మీద రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు కనుక నేను వేరే విషయం ఎత్తుకున్నాను.

కిందటి పండక్కి వచ్చిన మా అబ్బాయి మాటల మధ్యలో, "మాకు రెండు వారాలకోసారి రిట్రోస్పెక్టివ్ ఉంటుంది నాన్నా. ఏది బాగా జరిగింది, ఏది చెడింది, వచ్చేసారి ఏం మార్చుకోవాలి అని టీమంతా కూర్చుని మాట్లాడుకుంటాం" అన్నాడు. అది అమెరికాలో పుట్టిన కొత్త పద్ధతి అని వాడి నమ్మకం. "ఒరే, ఇటువంటిది మన రామచంద్రాపురంలో 1980లోనే మొదలైందిరా" అంటే నవ్వేశాడు. వాడికోసం, వాడి ఈడు పిల్లలున్న సభ్యుల ఇళ్ళకోసం ఈ నాలుగు మాటలు.

1980లో రామచంద్రాపురం బి.హెచ్.ఇ.ఎల్.లో జనరల్ మేనేజరుగా ఉన్న ఎస్.ఆర్. ఉడ్పా గారు జపాను వెళ్ళి వచ్చి, అక్కడ చూసిన క్వాలిటీ సర్కిళ్ళను తమ కర్మాగారంలో ప్రారంభించారు. మన దేశంలో వీటికి అదే నాంది. 1982లో ఆయన పూనికతోనే సికింద్రాబాద్ కేంద్రంగా క్వాలిటీ సర్కిల్ ఫోరం ఆఫ్ ఇండియా ఏర్పడింది. బొంబాయి నుంచో జంషెడ్‌పూర్ నుంచో కాక, మన లింగంపల్లి దాటిన తర్వాత వచ్చే ఊరి నుంచి ఇది దేశమంతా పాకిందంటే ఇప్పటివారికి నమ్మబుద్ధి కాదు.

జపానుకు ఎలా వచ్చింది? 1950లో అమెరికా నుంచి డెమింగ్ అనే గణాంక శాస్త్రజ్ఞుడు వెళ్ళి అక్కడి ఇంజనీర్లకు పాఠాలు చెప్పాడు. నిజానికి ఆయనకు గురుతుల్యుడైన షూహార్ట్ అంతకుముందే, 1947-48లో, మహలనోబిస్ గారి ఆహ్వానం మీద మన దేశానికి వచ్చాడు. అంటే విద్య మనకూ అందింది. కాని అది ఇక్కడ చాలాకాలం ఆఫీసర్ల బల్లల మీదే ఉండిపోయిందని నా అభిప్రాయం. జపానులో 1962లో ఇషికావా ప్రభృతులు ఫోర్‌మన్ల కోసం ఒక పత్రిక పెట్టారు. దాన్ని నలుగురూ కలిసి చదువుకుని చర్చించుకునే బృందాలే సర్కిళ్ళయ్యాయి. చిన్న పత్రికలను చులకనగా చూసేవారు ఈ సంగతి గమనించాలి!

పద్ధతి మీకందరికీ తెలిసిందే. ఒకే చోట పనిచేసే ఆరుగురు మొదలు పన్నెండుగురి వరకు స్వచ్ఛందంగా చేరి, వారానికో గంట కూర్చుని, తమ పనిలోని ఒక చిక్కును తామే ఎంచుకుంటారు. చేప ముల్లులాంటి బొమ్మ గీసి కారణాలు వెతుకుతారు. పరిష్కారాన్ని మేనేజిమెంటు ముందు పెడతారు. మా కర్మాగారంలో ఇది మొదలైనప్పుడు, ఎక్కువ పని చేయించుకోవడానికి ఇదో ఎత్తు అని యూనియన్‌వారు అనుమానించారు. సమోసాల కోసం మాత్రమే వచ్చినవారూ లేకపోలేదు.

నేను పనిచేసినది పటాన్‌చెరు ప్రాంతంలోని ఒక కర్మాగారం, పేరెందుకు. 1987లో స్టోర్సుకు కంప్యూటరు వచ్చింది. హైదరాబాదు నుంచి ఒక కుర్రవాడు వచ్చి ఆఫీసు గదిలోనే కూర్చుని ప్రోగ్రాము రాసి వెళ్ళాడు. బిన్ కార్డులు కట్టగట్టి అటక మీద పెట్టేశాం. ఏడాది చివర సరుకు తనిఖీలో ఇనుప కడ్డీలు లెక్క కంటే ఎక్కువ తేలాయి. ఎక్కువ తేలినా తక్కువ తేలినా ఆడిటువారి దృష్టిలో తప్పే. లెక్కలు సరిగా రాయలేదని స్టోర్‌కీపరుగారికి మెమో ఇచ్చారు. ఆ మెమో చిత్తుప్రతి రాసింది నేనే.

తర్వాత ఈ చిక్కునే మా సర్కిల్ తీసుకుంది. రెండు వారాలు చేప ముల్లు గీశాం, ఏమీ తేలలేదు. మూడోవారం కాటా దగ్గర ఉండే హెల్పరు, సదాశివపేట వైపు మనిషి, మెల్లగా అన్నాడు: "సార్, షాపుల కోసినంక మిగిలిన ముక్కలు మల్ల మనకే వస్తయి గద. అవి కంప్యూటర్ల యాడ రాయాలె?"

ఎక్కడా లేదు. కడ్డీ ఇచ్చినది రాయడానికి చోటుంది, కొన్నది రాయడానికి చోటుంది, తిరిగి వచ్చినదానికి లేదు. పాత బిన్ కార్డులో స్టోర్‌కీపరుగారు దాన్ని పెన్సిలుతో అంచున రాసుకునేవారట. ఆ అంచు ప్రోగ్రాములోకి రాలేదు. సరుకు యార్డులో పడి ఉండగానే, లేదని కంప్యూటరు చెబితే కొత్త కడ్డీలకు ఆర్డరు పెడుతూ వచ్చాం. కుర్రవాణ్ణి మళ్ళీ పిలిపించి, ఈసారి యార్డంతా తిప్పి చూపించాం. పాపం, మంచివాడు. "ముందే ఎవరైనా ఇక్కడికి తీసుకొచ్చి ఉంటే బాగుండేది సార్" అన్నాడు. నిజమే, ఎవరూ తీసుకురాలేదు. అతడు అడగనూ లేదు.

సాఫ్ట్‌వేరువారు ఈ పాఠాన్ని పెద్ద ఎత్తునే నేర్చుకున్నారు. ఐ.బి.ఎం.లో ఏళ్ళ తరబడి పనిచేసిన వాట్స్ హంఫ్రీ, డెమింగ్ వంటివారి సూత్రాలను ప్రోగ్రాములు రాసే పనికి అన్వయిస్తూ 1989లో పుస్తకం రాశాడు. ఆ ఆలోచన నుంచే 1991లో ఐదు మెట్ల సి.ఎం.ఎం. నమూనా వచ్చింది. ఐదో మెట్టు సర్టిఫికెట్ల కోసం మన దేశపు కంపెనీలు పోటీ పడ్డాయి. కాగితాలు మరీ పెరిగిపోయాయని విసిగినవారు పదిహేడుగురు 2001లో అమెరికాలోని యూటాలో సమావేశమై ఎజైల్ ప్రకటన చేశారు. దాని వెంట ఉన్న పన్నెండు సూత్రాలలో చివరిది, జట్టు అప్పుడప్పుడు ఆగి తన పనితీరును తానే సరిదిద్దుకోవాలన్నది. మావాడి రిట్రోస్పెక్టివ్ అదే. ఇషికావా బృందాలకు ఇది కన్నబిడ్డ కాకపోయినా దాయాది అనడంలో తప్పులేదు.

ఇదంతా చెబితే మావాడు శ్రద్ధగా విన్నాడు. తర్వాత ఇలా అన్నాడు: "మా దగ్గర మొదట్లో అందరూ బాగానే మాట్లాడేవారు నాన్నా. ఒకసారి అక్కడ అన్న మాటను అప్రైజల్‌లో ఒకడి మీద వాడారు. అప్పట్నుంచి 'అంతా బాగుంది' అనే చీటీలే వస్తున్నాయి." మా సర్కిల్ కూడా అలాగే చల్లబడింది. పోటీలకు పంపే రంగు చార్టులు మిగిలాయి, కాటా దగ్గరి మనిషి మాత్రం మళ్ళీ నోరు విప్పలేదు.

"ఇంతకీ ఆ స్టోర్‌కీపరుగారి మెమో వెనక్కి తీసుకున్నారా?" అని అడిగాడు మావాడు.

లేదు. ప్రోగ్రామును వారంలో దిద్దారు. మెమో ఆయన రిటైరయ్యేదాకా సర్వీసు ఫైలులో ఉంది. తీయించమని నేను ఒక కాగితం పెట్టి ఉండవలసింది. పెట్టలేదు.