లార్డ్స్‌లో తప్పిన గురి

2012 ఆగస్టు 1. లండన్‌లో లార్డ్స్ మైదానం. 1983లో కపిల్ సేన క్రికెట్ ప్రపంచకప్పు ఎత్తిన ఆ గడ్డ మీద ఒలింపిక్స్ ఆర్చరీ జరుగుతోంది. గీత మీద నిలబడిన దీపికా కుమారికి పద్దెనిమిదేళ్లు. ప్రపంచ నంబర్ వన్.

టార్గెట్ 70 మీటర్ల దూరంలో ఉంది. పది పాయింట్ల వలయం అడ్డుకొలత 12.2 సెంటీమీటర్లు. విల్లెత్తి, నారి లాగి, బాణం వదలడానికి 20 సెకన్లే గడువు. ప్రత్యర్థి బ్రిటన్ అమ్మాయి ఎమీ ఆలివర్. కేకలు వేసే జనమంతా ఆమె వైపే. పైగా గాలి.

ఈ గీత దాకా దీపిక నడిచిన దారి చిన్నది కాదు. రాంచీ దగ్గర రాతు చట్టిలో తండ్రి ఆటో నడిపేవాడు. చిన్నప్పుడు మామిడికాయల మీదికి రాళ్లు గురిచూసి విసిరిన పిల్ల ఖర్సావాన్‌లో విల్లు పట్టింది. 2006లో జంషెడ్‌పూర్ టాటా ఆర్చరీ అకాడమీలో చేరింది. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో రెండు స్వర్ణాలు గెలిచింది.

లార్డ్స్‌లో మాత్రం బాణాలు మాట వినలేదు. తొలి రౌండ్‌లోనే 6-2తో ఓటమి. మూడు రోజుల ముందు డెన్మార్క్ చేతిలో మన మహిళల జట్టు 210-211తో, ఒక్క పాయింటు తేడాతో ఓడింది. ఆ గాయం ఆరకముందే ఇది.

గురి మీద బతికే ఆటలన్నిటా ఒత్తిడిలో గురి తప్పే ఈ గండం ఉంది. 1992 ప్రపంచ డార్ట్స్ ఫైనల్లో మైక్ గ్రెగరీకి కప్పు గెలవడానికి ఆరు డార్టులు, అంటే చేత్తో విసిరే చిన్న బాణాలు, దొరికాయి. ఆరూ తప్పాయి. కప్పు ఫిల్ టేలర్‌కు దక్కింది. గ్రెగరీకి ఆ అవకాశం మళ్లీ రాలేదు.

వేలసార్లు చేసిన పనిని చెయ్యి దానంతటదే చేస్తుంది. ఒత్తిడిలో మనసు అడ్డొచ్చి ప్రతి కదలికనూ పట్టి చూస్తుంది. వేళ్లు ఒక్క క్షణం తడబడితే చాలు, 70 మీటర్ల అవతల బాణం వలయం దాటిపోతుంది. అది పిరికితనం కాదు, సాధనలో లోపమూ కాదు.

దీపిక ఆ తర్వాత రియో, టోక్యో, పారిస్ ఒలింపిక్స్‌లోనూ గీత మీద నిలబడింది. 2021 జూన్‌లో పారిస్ ప్రపంచకప్‌లో ఒకే రోజు మూడు స్వర్ణాలు గెలిచి మళ్లీ నంబర్ వన్ అయింది. ఒలింపిక్ పతకం ఇప్పటికీ రాలేదు. అయినా దేశమంతా చూస్తుండగా ఓడి, అదే పోటీకి మరో మూడుసార్లు వెళ్లిన మనిషిని తప్పిన బాణాలతో కొలవడం అన్యాయం.