మల్లన్న పట్నం: ఐదు పొడుల బొమ్మ

మందమర్రి సింగరేణి క్వార్టర్లలో ఎవరింట్లోనైనా మల్లన్న పట్నం వేయిస్తున్నారంటే, ముందుగదిలో సామానంతా బయటికి పోతుంది. కడిగిన నేల మీద ఒగ్గు పూజారి గొంతుక్కూర్చుంటాడు. పక్కన ఐదు రంగుల పొడులు: బియ్యప్పిండి, పసుపు, కుంకుమ, ఎండాకుల పొడి, బొగ్గుపొడి. ఇది మా బాయిల్లో తవ్వే రాక్షసిబొగ్గు కాదు, కట్టెబొగ్గు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చిటికెడు పొడి పట్టి సన్నధారగా వదులుతూ పోతాడు. చెయ్యి ఒక్క క్షణం ఆగితే గీత అక్కడ లావెక్కుతుంది, అందుకని ఆగదు. స్కేలు లేదు, చాక్‌పీసు గుర్తు లేదు. ముందు తెల్లగీతలతో గళ్లు పడతాయి, తర్వాత ఒక్కో గడిలో ఒక్కో రంగు నిండుతుంది. దేవుడికి కన్నూ ముక్కూ గీయాల్సిన పని లేదు. ఆ గళ్లు, చుక్కలు, వలయాలే స్వామి వచ్చి కూర్చునే చోటు.

నైరూప్య చిత్రకళ అనగానే మనకు ఐరోపా పేర్లే గుర్తొస్తాయి. 1906లో స్వీడన్ చిత్రకారిణి హిల్మా ఆఫ్ క్లింట్ ఆధ్యాత్మిక అన్వేషణగా ఆకారం లేని బొమ్మలు మొదలుపెట్టింది. 1911 చివర్లో చిత్రకారుడు కాండిన్‌స్కీ కళలోని ఆధ్యాత్మికత మీద ఏకంగా పుస్తకమే ప్రచురించాడు. ఇద్దరూ గొప్పవాళ్లే. అయితే రూపం గీయకుండా రంగులతోనే దైవాన్ని పిలవడం మా ఒగ్గువాళ్లకు వంశపారంపర్యంగా వస్తున్న విద్య. దాన్ని జానపదం అని ఒక పక్కన కూర్చోబెట్టడం నాకు సమ్మతం కాదు.

ఈ మల్లన్న పాత దేవుడు. కన్నడదేశంలో మైలారుడు, మహారాష్ట్రలో ఖండోబా, మన దగ్గర మల్లన్న. జెజూరిలో భక్తులు చల్లుకునే పసుపూ, కొమురవెల్లిలో చల్లుకునే బండారీ ఒకటే. వినుకొండ వల్లభరాయడి పేర ఉన్న క్రీడాభిరామంలో, ఓరుగల్లులో మైలారుదేవుడి వీరభటులు చేసే సాహసాల వర్ణన ఉంది. ఇక రంగుపొడులతో నేల మీద దేవుణ్ణి నిలపడం ఇంకా విశాలమైన సంప్రదాయం. కేరళ కళమెళుత్తులోనూ బియ్యప్పిండి, పసుపు, ఆకుపొడి, ఊక మాడ్చిన నలుపు వాడతారు. పట్నంలాగే అక్కడా పూజ అయ్యాక బొమ్మను చెరిపేస్తారు.

గనులు తెరుచుకున్నకొద్దీ పల్లెల నుంచి వచ్చిన గొల్ల, కురుమ కుటుంబాలతో పాటు మల్లన్న కూడా కోల్‌బెల్ట్‌కు వచ్చాడు. దగ్గర్లోనే వేలాల గట్టు మల్లన్న ఉన్నాడు. కాజీపేట వైపు రైలెక్కితే అదే దారిలో ఓదెల మల్లన్న. ఊళ్లో మట్టి అలికిన వాకిట్లో వేసిన పట్నం ఇక్కడ సిమెంటు గచ్చు మీదికి మారింది. అలికిన నేల పొడిని కాస్త పట్టుకుంటుంది. గచ్చు మీద ఫ్యాన్ వేస్తే చాలు, గీత చెదురుతుంది. అందుకే ఎంత ఉక్కపోసినా పట్నం పూర్తయ్యేదాకా ఫ్యాన్ కట్టేసే ఉంటుంది.

బొమ్మలు వేసే పిల్లలకు పట్నం గురించి చెప్పాలంటే పేస్టల్ నుంచి మొదలుపెట్టొచ్చు. రంగుపొడిలో రవ్వంత జిగురు కలిపి కడ్డీ చేస్తే పేస్టల్. 18వ శతాబ్దంలో వెనిస్ చిత్రకారిణి రోసాల్బా కర్రియెరా పేస్టల్ బొమ్మలతో ఐరోపా అంతటా పేరు తెచ్చుకుంది. జిగురు తక్కువ కాబట్టే ఆ రంగుకు అంత కాంతి. అందుకే ముట్టుకుంటే చేతికంటుతుంది, అద్దం బిగించి కాపాడుకోవాలి. పట్నంలో ఆ రవ్వంత జిగురు కూడా లేదు. కాపాడే ఆలోచనే లేదు. మల్లన్న కల్యాణం పాట అయ్యాక బండారి చల్లుకుంటూ పట్నం తొక్కుతారు. మహాశివరాత్రి నాడు కొమురవెల్లిలో వేసే పెద్దపట్నమైనా అంతే.

కరీంనగర్ జిల్లాలో పుట్టిన చిత్రకారుడు పాకాల తిరుమల్‌రెడ్డి (1915–1996) బొంబాయి జేజే స్కూల్లో చదివి, తర్వాతి కాలంలో త్రికోణాలు, వృత్తాలు, కుండలినీ సర్పాలతో నవతాంత్రిక చిత్రాలు వేశారు. పీటీ రెడ్డిగా దేశమంతా ఆయన్ని ఎరుగుదురు. ఆయన కాన్వాసు ముందు ఎంతసేపు నిలబడతామో, పట్నం ముందు కూడా అంతసేపు నిలబడాలి. ఇక రంగుల విషయానికొస్తే, సంక్రాంతి ముగ్గుల కోసం బజారులో అమ్మే లేత గులాబీ, ఆకాశనీలం ఇప్పుడు కొన్ని పట్నాల్లోకీ వచ్చాయి. రంగులు పెరిగినందుకు నాకు బాధ లేదు గానీ, ఆకుపొడి పచ్చదనంలోని మెత్తదనం ఆ పొట్లాల్లో దొరకదు.

పీటీ రెడ్డి చిత్రానికి సంతకం ఉంటుంది, పట్నానికి ఉండదు. ఇంట్లో పట్నం వేయించుకునేవాళ్లు పూజారికి కట్నం చేతిలో పెట్టేముందు ఆయన పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నాడో అడిగి రాసుకోవాలి. తొక్కకముందు తీసిన ఫొటో కింద ఆ మూడు వివరాలూ ఉండాలి.