1991 అంతర్జాతీయ ద్రవ్యనిధి రుణం - భారత పార్లమెంటు

1991లో విదేశీ మారకద్రవ్య సంక్షోభంలో చిక్కుకున్న భారతదేశం అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐ.ఎమ్.ఎఫ్.) నుండి అత్యవసర రుణాలు తీసుకున్నది. ఈ రుణాలకు పార్లమెంటు ముందస్తు ఆమోదం అవసరం కాలేదు. అయితే రుణంతో ముడిపడిన బడ్జెటును లోక్‌సభ ఆమోదించవలసి వచ్చినది.

రాజ్యాంగ నిబంధన

రాజ్యాంగం 292వ అధికరణం ప్రకారం, పార్లమెంటు చట్టం ద్వారా పరిమితి విధిస్తే ఆ పరిమితికి లోబడి కేంద్ర ప్రభుత్వం అప్పు చేయవచ్చును. 1991 నాటికి అటువంటి చట్టం లేదు. ద్రవ్య బాధ్యత చట్టం 2003లో వచ్చినది. 1981లో ద్రవ్యనిధి నుండి 500 కోట్ల ఎస్.డి.ఆర్.ల రుణం పొందినపుడు కూడా ఒప్పందం చేసుకున్నది ప్రభుత్వమే. అప్పటి ప్రధాని ఇందిరా గాంధీ లోక్‌సభలో మెదక్ నియోజకవర్గానికి ప్రాతినిధ్యం వహించేవారు. సంగారెడ్డి నాటి మెదక్ జిల్లాకు కేంద్రం.

సంక్షోభం

1990లో గల్ఫ్ సంక్షోభం వలన చమురు ధరలు పెరిగినవి. 1991 మార్చిలో చంద్రశేఖర్ ప్రభుత్వం పూర్తి బడ్జెటు ప్రవేశపెట్టలేక, ఓట్ ఆన్ అకౌంట్‌తో సరిపెట్టి రాజీనామా చేసినది. జూన్ నాటికి మారకద్రవ్య నిల్వలు సుమారు మూడు వారాల దిగుమతులకు మాత్రమే సరిపోయే స్థితికి చేరినవి. మే నెలలో 20 టన్నుల, జూలైలో సుమారు 47 టన్నుల బంగారాన్ని ఆధారంగా చూపి విదేశాలలో డాలర్లు సమకూర్చుకున్నారు.

పార్లమెంటు పాత్ర

జూన్ 21న ప్రధాని అయిన పి.వి.నరసింహారావుకు లోక్‌సభలో పూర్తి మెజారిటీ లేదు. జూలై 24న ఆర్థికమంత్రి మన్‌మోహన్ సింగ్ బడ్జెటు ప్రవేశపెట్టారు. అందులో ఎరువుల ధరలను 40 శాతం పెంచాలని ప్రతిపాదించారు. సభలో వ్యతిరేకత రావడంతో ఆగష్టులో దానిని 30 శాతానికి తగ్గించి, చిన్న, సన్నకారు రైతులకు మినహాయింపు ఇచ్చారు. ఒప్పందంపై ఓటు లేకున్నా, బడ్జెటు ద్వారా సభ్యులు షరతుల భారాన్ని కొంత తగ్గించగలిగారు. అక్టోబరులో ద్రవ్యనిధి సుమారు 220 కోట్ల డాలర్ల రుణాన్ని మంజూరు చేసినది.

పటాన్‌చెరు ప్రాంతంపై ప్రభావం

డాలర్లను పొదుపు చేయుటకు రిజర్వు బ్యాంకు 1991 ఏప్రిల్‌లో అనేక దిగుమతులపై 200 శాతం నగదు మార్జిన్ విధించినది. అనగా సరుకు విలువకు రెట్టింపు సొమ్మును ముందే బ్యాంకులో ఉంచవలెను. దిగుమతి ముడిసరుకులపై ఆధారపడే రసాయన, ఔషధ పరిశ్రమలకు ఇది పెద్ద భారము. పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఈ రెండు రంగాలే ప్రధానమైనవి. జూలై 24న ప్రకటించిన పారిశ్రామిక విధానం 18 పరిశ్రమలకు తప్ప లైసెన్సులను రద్దు చేసినది. ఔషధ పరిశ్రమ ఆ 18లోనే ఉండిపోయినది. చాలా మందులకు 1994లో సడలింపు లభించినది.

యూరో దేశాలతో పోలిక

2010లో గ్రీసుకు 11,000 కోట్ల యూరోల సహాయం ప్రకటించినపుడు, తమ వాటాగా రుణమిచ్చుటకు జర్మనీ ప్రభుత్వం మే 7న పార్లమెంటు ఆమోదం పొందినది. స్లొవేకియా పార్లమెంటు తమ వాటాను ఇచ్చుటకు నిరాకరించినది. అక్కడ ఓటు అప్పు ఇచ్చే దేశాలలో జరిగినది. 1991లో భారతదేశం అప్పు తీసుకునే దేశము.

భారతదేశం ద్రవ్యనిధి రుణాలను 2000 నాటికి పూర్తిగా తీర్చివేసినది. 2012 జూన్‌లో యూరో సంక్షోభం నేపథ్యంలో ద్రవ్యనిధికే 1,000 కోట్ల డాలర్లు సమకూర్చగలమని ప్రకటించినది. ఆ ప్రకటన చేసిన ప్రధాని మన్‌మోహన్ సింగ్.