పిచ్చుకపై బ్రహ్మాస్త్రం: 1936 నాటి ఒక శిక్ష కథ

విజయనగరం పేరెత్తితే మనకు గురజాడ గుర్తుకొస్తారు, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు గుర్తుకొస్తారు, కోడి రామ్మూర్తి గారు గుర్తుకొస్తారు. క్రికెట్ చరిత్ర చదివే బయటివారికి మాత్రం ముందుగా గుర్తుకొచ్చేది విజ్జీ. ఆ పేరు వినగానే వారి పెదవులపై ఒక చిరునవ్వు మెదులుతుంది. ఆ నవ్వుకు కారణమైన కథలలో చాలామటుకు హాస్యానికి పనికొచ్చేవే. ఒక్కటి మాత్రం నవ్వుకుని వదిలేయదగ్గది కాదు. అది ఒక శిక్షకు సంబంధించినది. ఈ టపా దాని గురించే.

ముందుగా ఒక సవరణ. విజ్జీ విజయనగరం మహారాజా అని చాలాచోట్ల రాస్తుంటారు. అది పొరపాటు. విజయానంద గజపతిరాజు (1905-1965) పూసపాటి వంశంలో రెండవ కుమారుడు. సంస్థానం అన్నగారైన అలక్ నారాయణ గజపతి గారిది. తమ్ముడికి దక్కినది 'మహారాజకుమార్' అన్న బిరుదు మాత్రమే. ఆయన జీవితంలో ఎక్కువ భాగం కాశీలో గడిచింది. సింహాసనం లేని రాజకుమారుడికి క్రికెట్టే రాజ్యమైంది. సొంత ఖర్చుతో జట్టు కట్టి, 1930-31లో జాక్ హాబ్స్, సట్‌క్లిఫ్ అంతటి ఇంగ్లండు దిగ్గజాలను మన దేశానికి రప్పించి ఆడించారు. ఆట మీద ఆయనకున్న ప్రేమను శంకించడానికి వీల్లేదు. కాని ఆటను ప్రేమించడం వేరు, ఆటగాళ్ళ మీద అధికారం చలాయించే అర్హత వేరు.

1936 వేసవిలో భారత జట్టు ఇంగ్లండు వెళ్ళింది. నాయకుడు విజ్జీ. మేనేజరు మేజర్ బ్రిటన్-జోన్స్ అనే ఆంగ్లేయ సైనికాధికారి. జట్టులో మరో ఇద్దరు తెలుగు మూలాలవారున్నారు: 1932లో మన మొట్టమొదటి టెస్టుకు నాయకత్వం వహించిన సి.కె. నాయుడు, మద్రాసు బుచ్చిబాబు నాయుడు గారి కుమారుడు కోట రామస్వామి. వీరితోపాటు ఇరవై నాలుగేళ్ళ లాలా అమర్‌నాథ్. 1933లో బొంబాయిలో భారతదేశపు తొలి టెస్టు శతకం కొట్టినవాడు. ఈ పర్యటనలోనూ మంచి ఊపు మీదున్నాడు. ఎసెక్స్ జట్టుపై రెండు ఇన్నింగ్సులలోనూ శతకాలు చేశాడు. తొలి టెస్టు ఇంకా మొదలవకముందే ఆరువందలకు పైగా పరుగులు, ముప్ఫైకి పైగా వికెట్లు అతని ఖాతాలో ఉన్నాయి.

జూన్‌లో లార్డ్స్ మైదానంలో మైనర్ కౌంటీస్ జట్టుతో ఆట. అమర్‌నాథ్ ప్యాడ్లు కట్టుకుని సిద్ధంగా కూర్చున్నాడు. నాయకుడు అతన్ని ఆపి ఒకరి తరువాత ఒకరుగా వేరేవారిని పంపారు. చివరికి ఆనాటి ఆట ముగియవస్తున్న వేళ అమర్‌నాథ్‌కు పిలుపు వచ్చింది. ఆట ముగిసి గదిలోకి తిరిగి వచ్చాక అతను ప్యాడ్లు విసిరికొట్టి, పంజాబీలో నాలుగు ఘాటు మాటలు అన్నాడు. నాయకుడు, మేనేజరు కలిసి శిక్ష ఖాయం చేశారు: మొదటి ఓడకే స్వదేశానికి తిరుగు ప్రయాణం. తోటి ఆటగాళ్ళు బతిమాలినా లాభం లేకపోయింది.

అమర్‌నాథ్ చేసినది తప్పు కాదని నేను అనను. నాయకుడి ముందు అలా ప్రవర్తించడం క్రమశిక్షణకు భంగమే. నా ప్రశ్న వేరు. ఆ తప్పు ఎంత? దానికి ఎంత శిక్ష న్యాయం?

దీన్ని తూచడానికి ఒక కొలబద్ద కావాలి. ఆటల ప్రపంచంలో అలాంటి కొలబద్దను ఓపికగా చెక్కుకున్నవారు తెరచాప పందేలవారు. విండ్‌సర్ఫింగ్ సంగతే చూడండి. ఒక పలక మీద నిలబడి, తెరచాపను చేత్తో పట్టుకుని గాలివాటున దూసుకుపోయే పందెం. 1984 నుంచి ఒలింపిక్స్‌లో ఉంది. కళింగపట్నం తీరంలో చాప ఎత్తిన తెప్పను చూసినవారికి గాలి ఎంత మాయలాడో వేరే చెప్పనక్కరలేదు. అందుకే ఒక్క పందెంతో విజేతను తేల్చరు. వరుసగా చాలా పందేలు పెడతారు. మొదట వచ్చినవాడికి 1, రెండవవాడికి 2, ఇలా పాయింట్లు వేస్తారు. చివరికి ఎవరి మొత్తం తక్కువైతే వారిదే గెలుపు.

తప్పు చేసినవాడి లెక్క ఇంకా ఆసక్తికరంగా ఉంటుంది. ఒకరి దారికి అడ్డొచ్చి, ఆ తప్పును అక్కడికక్కడే ఒప్పుకుంటే పలకతో ఒక చుట్టు తిరిగి పందెం కొనసాగించవచ్చు. కొన్ని పోటీలలో చుట్టుకు బదులు పాయింట్ల జరిమానా పెడతారు. ముప్ఫైమంది పేర్లిచ్చిన పోటీలో పందెం ముగించనివాడికి పడేది 31. అందులో అయిదో వంతు, అంటే సుమారు 6, ఆ జరిమానా. అయిదవ స్థానంలో వచ్చినవాడి లెక్క పదకొండవుతుంది. అయితే దీనివల్ల మిగిలినవారి పాయింట్లు మారవు. తప్పు పెద్దదై అనర్హుడని తేలితే ఆ పందెానికి పూర్తిగా 31 పడుతుంది. అయినా వరుసలో అన్నిటికన్నా చెడ్డ ఫలితాన్ని ఒకదాన్ని లెక్కలోంచి తీసేయడం వాడుక కనుక, ఒక్క పొరపాటుతో బతుకంతా పోదు. క్రీడాధర్మాన్నే మంటగలిపినవాడికి మాత్రం ఆ వెసులుబాటు ఉండదు. ఫిర్యాదు వస్తే ఇరుపక్షాలూ చెప్పేది వినకుండా శిక్ష వేయరాదన్నది, కొద్దిపాటి మినహాయింపులతో, మూలసూత్రం. ఇతరుల తప్పువల్ల నష్టపోయినవాడికి, మిగతా పందేలలో అతని సగటును బట్టి పాయింట్లు ఇచ్చి సరిదిద్దే పద్ధతి కూడా ఉంది.

ఇప్పుడు ఈ కొలబద్దను లార్డ్స్‌లోని ఆ గదికి పట్టుకెళ్ళండి.

గదిలో కోపంతో అన్న మాటకు ఎంత శిక్షో ముందుగా ఎక్కడా రాసిలేదు. మందలింపుకూ, ఇంటికి పంపడానికీ నడుమ ఒక మెట్టయినా లేదు. అవమానం జరిగిందని భావించిన నాయకుడే ఫిర్యాదిదారు, ఆయనే తీర్పరి. పైగా శిక్ష అనుభవించినది అమర్‌నాథ్ ఒక్కడే కాదు. కొద్ది రోజులకే అదే లార్డ్స్‌లో జరిగిన తొలి టెస్టును చూడండి. మనవాళ్ళు 147కు అవుటయ్యారు. అమర్ సింగ్ ఆరు వికెట్లు పడగొట్టి ఇంగ్లండును 134కే కట్టేశాడు. ఇంగ్లండులో వారిపై మనకు పదమూడు పరుగుల ఆధిక్యం! రెండవ ఇన్నింగ్సులో 93కే కూలిపోయి, తొమ్మిది వికెట్ల తేడాతో ఓడాం. అమర్‌నాథ్ ఉంటే గెలిచేవాళ్ళమని చెప్పలేను. కాని ఆ పదకొండుమందిలో అతను లేకపోవడం ఎవరి తప్పుకు ఎవరు కట్టిన జరిమానా?

అధికారం ఒకే చేతిలో ఉంటే శిక్షకే కాదు, బహుమానానికీ కొలత ఉండదు. సి.కె. నాయుడిని అల్పాహారం వేళ అందరి ముందూ అవమానించినందుకే బకా జిలానీకి ఓవల్ టెస్టులో చోటు దక్కిందని ఆనాటి నుంచీ చెప్పుకుంటారు. నిజానిజాలెలా ఉన్నా, అలాంటి కథ నమ్మదగినదిగా తోచిందంటేనే ఆ జట్టు పరిస్థితి అర్థమవుతుంది. విజ్జీ మూడు టెస్టులలో ఆరు ఇన్నింగ్సులు ఆడి చేసినవి 33 పరుగులు. ఆ పర్యటన నడుస్తుండగానే ఆయనకు 'సర్' బిరుదు వచ్చింది!

తరువాత విచారణ జరిగింది. బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సర్ జాన్ బోమాంట్ అధ్యక్షతన వేసిన సంఘం 1937 జనవరిలో నివేదిక ఇచ్చింది. విజ్జీ నాయకత్వాన్ని గట్టిగా తప్పుపట్టింది. అమర్‌నాథ్ మీద మోపిన నిందలు నిలవలేదు. కాని చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? పోయిన మూడు టెస్టులకు సగటు కట్టి ఇచ్చే పద్ధతి క్రికెట్‌లో లేదు. ఇంతలో ప్రపంచయుద్ధం వచ్చింది. మన తదుపరి టెస్టు 1946లో. అప్పటికి అమర్‌నాథ్ వయసు ముప్ఫై నాలుగు. ఆ మరుసటి ఏడాది స్వతంత్ర భారతపు తొలి జట్టుకు నాయకుడై ఆస్ట్రేలియా వెళ్ళాడు. విజ్జీ మరి టెస్టు ఆడలేదు. క్రికెట్ బోర్డు అధ్యక్షుడిగా, రేడియో వ్యాఖ్యాతగా, విశాఖపట్నం నుంచి లోక్‌సభ సభ్యుడిగా మాత్రం చివరిదాకా వెలుగులోనే ఉన్నారు.

ఈ కథను వ్యక్తుల మంచిచెడ్డలుగా చెప్పుకుని ఊరుకుంటే మనకు దక్కేది ఒక విలన్, ఒక హీరో మాత్రమే. నాకు ముఖ్యమనిపించేది వేరు. విజ్జీ స్థానంలో ఎంతటి శాంతమూర్తి ఉన్నా, కొలత రాసిలేని చోట, నొచ్చుకున్నవాడే తీర్పు చెప్పే చోట, న్యాయం ఆయన ఆనాటి మనఃస్థితి మీద ఆధారపడుతుంది. మంచి మనసు ఉంటే చాలదు, లెక్క కావాలి. సముద్రం మీద పందెగాళ్ళు జరిమానాకు వంతులు లెక్కగట్టడం మనకు చాదస్తంగా తోచవచ్చు. ఆ చాదస్తమే బలహీనుడికి కవచం.

క్రికెట్ కూడా ఆలస్యంగానైనా ఆ దారికే వచ్చింది. 1990ల తొలినాళ్ళలో తటస్థులైన మ్యాచ్ రిఫరీలు వచ్చారు. తప్పులను నాలుగు స్థాయిలుగా విడదీశారు. 2016 నుంచి డీమెరిట్ పాయింట్లు లెక్కపెడుతున్నారు. ఈనాడు ఎవరైనా ప్యాడ్లు విసిరికొడితే ఆ తప్పు విలువెంతో చూసేది అతని నాయకుడు కాదు. 2019లో అంతర్జాతీయ మ్యాచ్ రిఫరీగా నియమితురాలైన తొలి మహిళ జి.ఎస్. లక్ష్మి. ఆమె పుట్టినది రాజమండ్రిలో. ఒక తెలుగు రాజకుమారుడు కోపంతో తూచిన తప్పులను, ఎనభై మూడేళ్ళ తరువాత ఒక తెలుగింటి ఆడపడుచు పుస్తకం తెరిచి తూచడం మొదలుపెట్టింది. విజ్జీ పేరు విని నవ్వేవారికి ఈ సంగతి కూడా చెప్పాలని నా కోరిక.